పేషెంటు బయట కూర్చోవాలి

ఒక మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో ఆ మనిషికి తప్ప మిగతా అందరికీ చెప్పే పద్ధతిని ఎవడు కనిపెట్టాడో నాకు తెలియదు. దొరికితే మాత్రం వాడి రెండు చెవులకూ త్రీఫేజు తీగలు తగిలిస్తాను. ఎందుకు తగిలించానో వాడికి చెప్పను, వాడి బామ్మర్దికి చెబుతాను.

నాది నీళ్ళ మోటార్లు బాగుచేసే పని. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. నేను మానేశానా, బడే నన్ను మానేసిందా అన్న విషయంలో మా లెక్కల మాస్టారికీ నాకూ ఇప్పటికీ పేచీ ఉంది. అప్పటినుంచి నరసరావుపేటలో కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుడుతూ బతుకుతున్నాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. మోటారును దాని యజమాని కళ్ళ ముందే విప్పాలి. నల్లగా మాడిపోయిన తీగచుట్టను బయటికి లాగి అతని చేతిలో పెట్టాలి. అతను దాన్ని తిప్పి చూస్తాడు, వాసన చూస్తాడు, కరెంటు వాళ్ళను నాలుగు తిట్లు తిడతాడు. ఆ తర్వాత కొత్త తీగ చుట్టమంటాడో, పాత ఇనుముకు వేసేయమంటాడో అతని ఇష్టం. వెంట వచ్చిన వాణ్ణి పక్కకు పిలిచి, "మీ బావకు చెప్పొద్దు, తట్టుకోలేడు, దుమ్ము పట్టిందని చెప్పు" అని నేనెప్పుడూ అనలేదు. అని ఉంటే సాయంత్రానికి నా షెడ్డు ముందు పంచాయితీ కూర్చునేది.

ఐదు హార్సుపవర్ మోటారుకు ఉన్న ఈ పాటి మర్యాద మా అక్కకు దక్కలేదు. దక్కకుండా చేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.  

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. గురజాల దగ్గర పల్లెలో కాపురం. పదో తరగతి పాసైంది. మా ఇంట్లో ఆ గట్టు దాటిన మనిషి ఆమె ఒక్కతే. మిరప కోతలకు వెళ్ళే ఇరవై మంది ఆడకూలీల ముఠాకు మేస్త్రి. ఏ చేలోకి ఎప్పుడు దిగాలో రైతుకు మాట ఇచ్చేది ఆమె, ఇచ్చిన మాట మీద నిలబడేది ఆమె. ముఠాలో ఎవరైనా తెల్లబారిన తాలుకాయను మంచి కాయల కింద దాస్తే, దాన్ని ఏరి వాళ్ళ ఒళ్ళోనే వేసి, "ఇది నీ ఇంటికి తీసుకుపోయి కూరలో ఏసుకో" అనేది. దాపరికం అంటే ఆమెకు అంత మంట. అందుకే, మేం చేసింది తలుచుకుంటే నాకు ఇంత మంట.

ముట్లు ఆగిపోయిన రెండేళ్ళకు ఆమెకు మళ్ళీ నెత్తురు కనపడటం మొదలైంది. కోతల హడావిడిలో కొన్ని నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక నేనే పేటకు తీసుకొచ్చి, ఊళ్ళో సగం మందికి పురుళ్ళు పోసిన ఒక లేడీ డాక్టరుకు చూపించాను. ఆమె లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఎనిమిది రోజుల తర్వాత రమ్మంది. అక్క, బావ, నేను వెళ్ళాం. మా బావ ట్రాక్టరు డ్రైవరు. ట్రాక్టరు మీద ఉన్నంతసేపే ఆయనకు గొంతు. కిందికి దిగితే పిల్లికి కూడా దారి ఇస్తాడు.

డాక్టరమ్మ కాగితం చూసింది. మా ముగ్గుర్నీ చూసింది. అక్కతో చానా ప్రేమగా, "ఏమ్మా, నువ్వు కాసేపు బయట కూర్చో. మీ మగాళ్ళతో మాట్లాడాలి" అంది.

అక్క లేచి వెళ్ళిపోయింది. ఇరవై మందిని ఒక్క కేకతో చేలో నిలబెట్టే మనిషి, రైతు ఎదురుగా నడుం మీద చెయ్యి వేసుకుని మాట్లాడే మనిషి, మారు మాట లేకుండా లేచింది. మా వైపు అది మామూలే. పరీక్ష కాగితం వచ్చేదాకే స్టూలు మీద రోగి కూర్చుంటుంది. కాగితం వచ్చాక స్టూలు మగవాళ్ళది. అప్పుడు నాకూ అది వింతగా అనిపించలేదు. అక్క లేచిన స్టూలు మీద నేనే కూర్చున్నాను. అది ఇంకా వెచ్చగా ఉంది.

"గర్భసంచి మూతి దగ్గర క్యాన్సరయ్యా. ముదిరింది గానీ చెయ్యి దాటలేదు. గుంటూరు రాసిస్తాను. ఐదారు వారాలు రోజూ కరెంటు పెడతారు" అంది డాక్టరమ్మ. ఆ కిరణాల వైద్యాన్ని మా వైపు అందరూ కరెంటు పెట్టడమనే అంటారు. బావ అప్పటికే తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. "ఆమెకు మాత్రం చెప్పకండి. ధైర్యం చెడిపోతే మందు పనిచెయ్యదు. ఏదో గడ్డ అని చెప్పండి."

"మేడం, మా అక్క కనుక్కుంటది" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నిన్ను చూస్తే మాటకారిలా ఉన్నావు. నువ్వు చూసుకో" అంది.

నాకు అబద్ధాల ఉద్యోగం వచ్చింది అలా. సిగ్గుపడాల్సిన మాట ఇంకోటి చెబుతాను. ఆ క్షణంలో లోపల ఎక్కడో ఒక వెధవ గర్వం కూడా కలిగింది. బడిలో ఏ మాస్టారూ నన్ను నమ్మి ఏ పనీ అప్పగించలేదు. అంత పెద్ద డాక్టరు ఒక పని అప్పగించింది. బాగా చేసి చూపిద్దాం అనుకున్నాను.

బయటికి రాగానే అక్క అడిగింది. "ఏమందిరా?"

"గడ్డంటక్కా. నిమ్మకాయంత. పచ్చడి కూడా రాదు."

అక్క నవ్వింది. "మరి మీ బావ మొహం ఏంది, అట్టా ఉంది?"

"సూది అన్నారు. నీకు కాదు, తనకేనేమో అనుకున్నాడు."

ఇంకా నవ్వింది. డాక్టరమ్మ తలుపు సందులోంచి చూసి నా వైపు తల ఊపింది. ఆ ఊపుకు నాకు బహుమతి వచ్చినంత సంబరం. 

గుంటూరు ఆసుపత్రిలో ముందు గేటు మీద క్యాన్సర్ ఆసుపత్రి అని పెద్ద బోర్డు ఉంది. తెలుగులోనే ఉంది. అక్కకు చదువు వచ్చు. అందుకని రోజూ బస్సు దిగాక, ముందు గేటు దగ్గర రద్దీ అని చెప్పి, జనరేటరు గది పక్కనున్న వెనక గేటులోంచి తీసుకెళ్ళేవాణ్ణి. ఆమె ఫైలును మోటారు కంపెనీ వాళ్ళు పంచిన ప్లాస్టిక్ సంచిలో పెట్టాను. లోపల మనిషి ప్రాణం, పైన బోరు మోటారు బొమ్మ.

మొదటిరోజు ఒక కుర్ర డాక్టరు సంతకానికి కాగితం తెచ్చి, "మీకు విషయం చెప్పారు కదమ్మా?" అని అడిగాడు. అక్క నోరు తెరిచేలోపు నేను ఆయన వెనక నిలబడి రెండు చేతులూ జోడించి, తల అడ్డంగా ఊపాను. ఆయనకు అర్థమైంది. చదువుకున్నవాడు కదా, ఇలాంటివి త్వరగా అర్థమవుతాయి. ఆయన తల దించుకున్నాడు. కాగితం మొత్తం ఇంగ్లీషు. అక్క తిప్పి తిప్పి చూసి, "ఏముందిరా ఇందులో?" అంది.

"చెప్పులు బయట ఇడిచి రావాలని."

"దానికి రెండు పేజీలా?"

"ఎడమ చెప్పుకొకటి, కుడి చెప్పుకొకటి."

అక్క నవ్వుతూ సంతకం పెట్టింది. తెలుగులో, గుండ్రంగా, ఇంటిపేరుతో సహా. ఆ కాగితంలో ఏముందో చదవడం నాకూ రాదు. కుర్ర డాక్టరుకు వచ్చు. ఆయన చదివి చెప్పలేదు. చదవలేని నేను అబద్ధం చెప్పాను, చదవగలిగినాయన పెన్ను అందించాడు. మా అక్క ఒంటి మీద మా అక్కే చేసిన సంతకం అది. అందులో ఆమె ప్రమేయం ఎంత అంటే, సిరా అంత.

వైద్యం జరిగినన్ని రోజులూ అక్క మా ఇంట్లోనే ఉంది. పొద్దున బస్సులో గుంటూరు, మధ్యాహ్నానికి పేట. తిరిగొచ్చాక ఊరికే ఉండలేక నా షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చునేది. ఒకరోజు అడిగింది.

"ఒరేయ్, కరెంటు పనోడివి నువ్వు. నాకు తెలవక అడుగుతన్నా. గడ్డకి కరెంటు ఎందుకురా?"

అప్పుడే నేను కొత్తగా చుట్టిన తీగకు వార్నిష్ పోసి పొయ్యిలో పెడుతున్నాను. మా పనిలో అది ఆఖరి ఘట్టం. వార్నిష్ ఎండి గట్టిపడితేనే తీగ మళ్ళీ కాలదు. చేతిలో ఉన్న పని నోట్లోకి వచ్చేసింది.

"ఇదే అక్కా. గడ్డ లోపల తడిగా ఉందంట. అందుకే నెత్తురు కారుతుంది. కరెంటు పెట్టి ఆరబెడుతున్నారు. ఆరిపోయిందంటే ఇంక కారదు."

"అట్టా చెప్పొచ్చుగా ఆ డాక్టర్లు! చదువుకోకపోయినా నువ్వే నయం" అంది. నేను పొంగిపోయాను. ఆ రోజే ఇంకో మాట కూడా అడిగింది, వార్నిష్ ఆరిందని నీకెట్టా తెలుస్తుందని. రంగు చూసి తెలుసుకుంటామనీ, ఆరాక కూడా పొయ్యిలోనే ఉంచితే తీగ మాడి పెళుసైపోతుందనీ చెప్పాను. అది అబద్ధం కాదు. నా పనికి సంబంధించిన నిజం. నాకేం తెలుసు, ఆమె రెండింటినీ కలిపి దాచుకుంటోందని.

మూడు వారాలు దాటేసరికి నెత్తురు ఆగిపోయింది. అక్క ముఖంలో తేట వచ్చింది. నాలుగో వారం శనివారం ఊరికి వెళ్ళింది. సోమవారం పొద్దున ఫోను చేసింది. "కాయ పండి రాలిపోతందిరా. రైతుకు మాట ఇచ్చా. ఒక్క వారం చూసుకుని వస్తా."

కుదరదని చెప్పాలి. చెప్పాలంటే కారణం చెప్పాలి. నిమ్మకాయంత గడ్డకు వారం ఆగితే ఏమవుతుంది? ఏమీ కాదు. నేను తయారుచేసిన గడ్డే అది, దాన్ని ఎంత చిన్నది చేశానో నాకంటే ఎవరికి తెలుసు? "సరే, మిరపకాయలు తక్కువ తిను" అన్నాను. ఫోను పెట్టేశాను. బావకు చేస్తే, "నేనేం చెప్పను బామ్మర్దీ, గట్టిగా అంటే ఎందుకని అడుగుద్ది" అన్నాడు. ఒక అబద్ధానికి ఇద్దరు మగాళ్ళం కాపలా కాశాం. ఆ కాపలాలో వారం రెండు వారాలైంది.

అప్పుడు ఆసుపత్రి నుంచి నా నంబరుకు ఫోను వచ్చింది. ఆ కుర్ర డాక్టరే. "మీ పేషెంటు ఎందుకు రావడం లేదు? ఈ వైద్యం మధ్యలో ఆపకూడదు. ఆపిన ప్రతిరోజూ రోగానికి బలం. ఇంకా ఆలస్యమైతే ఇప్పటిదాకా పెట్టింది కూడా దండగ కావచ్చు" అన్నాడు.

"ఆ ముక్క ఆమెకు చెప్పొచ్చుగా అండీ!" అని అరిచాను. అరిచాక గుర్తొచ్చింది, ఆయన వెనక నిలబడి చేతులు జోడించింది నేనేనని.

షెడ్డు మూసి బస్సెక్కాను. చేను చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఎర్రగా పండిన చేలో ఇరవై తలపాగాలు వంగి ఉన్నాయి. మధ్యలో అక్క. ముఠాలో అందరికంటే పెద్దావిడ నన్ను ముందు చూసింది.

"ఏందయ్యో, మోటార్ల మరిదీ! మీ అక్కకి మోటారు బిగించడానికొచ్చావా? ఆమెకి ఉన్న ఇసురుకే మేం సస్తన్నాం!"

అందరూ నవ్వారు. వేరే రోజైతే నేనూ రెండు అనేవాణ్ణి. అక్క నడుము నిలబెట్టి చూసింది. కొంగులో కట్టిన ఒడి నిండా కాయలున్నాయి.

"ఏందిరా, షెడ్డు మూసేసి వచ్చావు?"

"అక్కా, కరెంటు ఇంకా పది రోజులు పెట్టాలంట. రేపే పోదాం పద."

"అక్కర్లేదురా. ఆరిపోయింది."

"ఎవరు చెప్పారు?"

"నెత్తురు ఆగిందిగా. నువ్వే కదరా చెప్పింది, ఆరితే కారదని. ఆరాక కూడా పొయ్యిలో ఉంచితే మాడిపోద్దని. వాళ్ళకేం, లెక్క ప్రకారం పెట్టుకుంటా పోతారు. లోపల మాడిపోతే ఎవడు చుడతాడు కొత్త తీగ? నువ్వు చుడతావా?"

ఆమె మాటలో ఒక్క పొరపాటు లేదు. నేను చెప్పిన ప్రతి ముక్కా జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంది, తెలివిగా కలుపుకుంది, మేస్త్రి లాగే నిర్ణయం తీసుకుంది. తప్పు ఆమె తెలివిలో లేదు. ఆమె చేతికి మేం ఇచ్చిన సరుకులో ఉంది. మంచి కాయలని చెప్పి తాలు పోశాం.

ఇంకో అబద్ధం కోసం వెతికాను. 

"అక్కా, అది గడ్డ కాదు."

"మరేంది?"

"క్యాన్సర్."

అక్క ఒడిలోంచి ఒక్క కాయ కూడా కింద పడలేదు. ఎదురుగా ఉన్న చెట్టుకు ఇంకా ఏడెనిమిది పండుకాయలు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తొడిమతో సహా తుంచి ఒడిలో వేసుకుంది. ఆ చెట్టు అయ్యాక నా వైపు తిరిగింది.

"డాక్టరమ్మకి తెలుసా?"

"తెలుసు."

"మీ బావకి?"

"తెలుసు."

"నీ పెళ్ళానికి?"

"తెలుసు."

"నీ షెడ్డు పక్కన టీ కొట్టోడికి?"

నేను నేల చూశాను.

"వాడిక్కూడా చెప్పావా!" అంది. గొంతు పెరిగింది. "అందుకేనా నాకు రోజూ చక్కెర ఎక్కువేసి ఇచ్చేవాడు? టీ కొట్టోడికి తెలిసిన నా రోగం నాకు తెలవగూడదా? నేనేమన్నా పసిపిల్లనా? ఈ ఇరవై మందిలో ఎవరికి ఏం వచ్చినా ముందు నాకు చెప్తారే, నాకొస్తే నాకు చెప్పేవోళ్ళు లేరా?"

"నువ్వు భయపడతావని అక్కా..."

"భయపడతా. నా భయం నేను పడతా. అది కూడా మీరే పడతారా?" అక్క ఆగింది. ఆ తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ దిగలేదు. "నాకు అనుమానం రాలేదనుకుంటన్నావా? ఎనక గేటు చూసినప్పుడే వచ్చింది. కానీ నువ్వు నవ్వుతన్నావు. మా తమ్ముడు నన్ను ఎంటబెట్టుకుని ఇట్టా నవ్వుతున్నాడంటే ఏం లేదులే అనుకున్నా. నీ నవ్వు చూసి నమ్మానురా."

నన్ను కొట్టి ఉంటే బాగుండేది. మిరప చేలో కొట్టడానికి కర్రలకు కరువా?

అక్క వెనక్కి తిరిగి ముఠా అంతటికీ వినపడేలా చెప్పింది. "ఇనండి. నాకు క్యాన్సరంట. మా వోళ్ళు ఇప్పుడు చెప్పారు. రేపటినించి నేను రాను." పెద్దావిడను చూపించి, "ఈమె చూసుకుంటది. రైతుకి నేను చెప్తా" అంది.  ఎవరో ముక్కు ఎగబీల్చారు. "ఏడవబాకండి, కాయలు తడుస్తయ్" అంది అక్క. ఒక్కరు కూడా నవ్వలేదు.

మర్నాడు ముందు పేటకే వెళ్ళాం. డాక్టరమ్మను ఒకసారి చూడాలని అక్క పట్టుబట్టింది. లోపలికి వెళ్ళగానే అక్క స్టూలు మీద కూర్చుంది. బావా నేనూ గోడకు ఆనుకున్నాం. డాక్టరమ్మ గుంటూరు కాగితాలు చూసి, మధ్యలో ఆగిపోయిన సంగతి గ్రహించి, ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "ఏమ్మా, నువ్వు కాసేపు బయట..."

"నేనే పేషెంటునండి డాక్టరమ్మా. బయట కూర్చోవాల్సింది వీళ్ళు" అంది అక్క. స్టూలు అంచును రెండు చేతులా పట్టుకుంది, ఎవరైనా లాగేస్తారేమో అన్నట్టు.

డాక్టరమ్మ నన్ను చూసిన చూపులో, ఇదేనా నువ్వు చూసుకున్నది అని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అవును మేడం, నేనే చెప్పా. రెండు వారాలు పోయాక చెప్పా. మొదటిరోజు మీరు చెప్పాల్సింది" అన్నాను. బావ నా చొక్కా పట్టుకు లాగాడు. "లాగమాక బావా!" అన్నాను.

"మొదటిరోజే చెప్పుంటే నేను కోతకి పొయ్యేదాన్నా?" అంది అక్క.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.  తర్వాత చెప్పింది. కొన్నేళ్ళ కిందట మాచర్ల వైపు నుంచి ఒకామె వచ్చిందట. ఇదే రోగం. అప్పుడు డాక్టరమ్మ దాపరికం లేకుండా ఆమెకే చెప్పిందట. ఆమె తల ఊపి, దణ్ణం పెట్టి, ఇంటికి వెళ్ళి పురుగుమందు తాగిందట. "వాళ్ళ వాళ్ళు వచ్చి ఇదిగో, ఈ కిటికీ అద్దాలు పగలగొట్టారు. అద్దాలు పోతే పోయాయి. ఆమెకు ఇద్దరు పిల్లలమ్మా. చెప్పకుండా ఉంటే బతికేదేమో అని నాకు ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి ఎవరికీ నేరుగా చెప్పలేదు."

నా కోపానికి ఒక్క నిమిషం కాలు పెట్టడానికి చోటు దొరకలేదు. నేను తిట్టడానికి సిద్ధం చేసుకున్న డాక్టరు వేరే, నా ముందున్న మనిషి వేరే. కానీ మా అక్క తడబడలేదు. ముఠాలో పంచాయితీ తీర్చేటప్పుడు అడిగినట్టే అడిగింది.

"మీరు చెప్పినప్పుడు ఆమె పక్కన ఎవరున్నారండి?"

"ఎవరూ లేరు. ఒక్కతే వచ్చింది."

"ఎంతసేపు మాట్లాడారు?"

 బయట కాంపౌండరు తర్వాతి నంబరు పిలుస్తున్నాడు. పసిపిల్ల ఏడుస్తోంది. తలుపు మీద ఎవరో వేళ్ళతో కొడుతున్నారు. డాక్టరమ్మ తలుపు వైపు చూసి, "ఆ రోజు కూడా బయట ఇంతమంది ఉన్నారు" అంది.

 నా కోపం అప్పుడు మళ్ళీ కాళ్ళు ఊని నిలబడింది. అక్కడ తక్కువైంది ఆ మాచర్లామె ధైర్యం కాదు, ఈ డాక్టరమ్మ సమయం. ఒకామెకు నిజం చెప్పి ఒంటరిగా పంపినందుకు, ఆ తర్వాత వచ్చిన ఆడాళ్ళందరినీ బయట కూర్చోబెట్టారు. డాక్టరమ్మకు భయపడే హక్కు ఉంది. కానీ ఆమె భయానికి మందు మా అక్క ఎందుకు మింగాలి? ఈ మాట అక్కడే అనేశాను కూడా. డాక్టరమ్మ కోప్పడలేదు. లేచి తలుపు గడియ వేసింది. మందుల చీటీ వెనక్కి తిప్పి, పెన్నుతో గర్భసంచి బొమ్మ గీసింది. రోగం ఎక్కడుందో, ఎంతవరకు పాకిందో, కరెంటు ఏం చేస్తుందో, ఆపితే ఏమవుతుందో అక్కకు చెప్పింది. ఇరవై నిమిషాలు పట్టింది. అంతే, ఇరవై నిమిషాలు! తలుపు మీద కొట్టేవాళ్ళు కొడుతూనే ఉన్నారు.

"బతుకుతానా?" అంది అక్క.

"మధ్యలో ఆగకుండా ఉంటే కొంచెం గట్టిగా చెప్పేదాన్ని. ఇప్పుడు కూడా అవకాశం ఉంది. ఎంతుందో నేను చెప్పలేను. గుంటూరు వాళ్ళు మళ్ళీ చూసి చెప్పాలి."

"ఆ బొమ్మ నాకియ్యండి" అంది అక్క. చీటీ తీసుకుని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

మరుసటి రోజు గుంటూరు. బస్సు దిగి అలవాటుగా వెనక గేటు వైపు తిరిగాను. అక్క ముందు గేటు వైపు నడిచింది. బోర్డు కింద నిలబడి, పై వరస నుంచి కింది వరస దాకా మొత్తం చదివింది. మోటారు బొమ్మ సంచిలోంచి ఫైలు తీసి చేత్తో పట్టుకుని, ఖాళీ సంచి నాకు ఇచ్చింది.

కుర్ర డాక్టరు గదిలో కొత్త కాగితం ఇచ్చారు. అక్క పెన్ను తీసుకోలేదు. "ఇది తెలుగులో చదివి చెప్పండి బాబూ. చెప్పుల సంగతి వద్దు, మిగతాది చెప్పండి" అంది. ఆయన నన్ను చూశాడు. నేను చేతులు జోడించలేదు. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

అప్పుడు అక్క నా వైపు తిరిగి, "నువ్వు కాసేపు బయట కూర్చో" అంది.

కూర్చున్నాను. వరండాలో ఇనుప బెంచీ. తలుపు మూసుకుంది. లోపల నుంచి మాటలు వినపడతాయి గానీ ముక్కలు తెలియవు. ఒకసారి అక్క గొంతు పెరిగింది. లేచి తలుపు దాకా వెళ్ళాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. అక్క ఆ రోజు పేటలో బయట కూర్చున్నప్పుడు ఇదే చేసి ఉంటుంది. ఆమె కోసం ఎవరూ ఇంతసేపు ఈ సంగతి ఆలోచించలేదు, నాతో సహా.

పక్కన నా వయసువాడే ఒకడు, ఫైలును ఛాతీకి తిప్పి పట్టుకుని కూర్చున్నాడు. కాస్త దూరంలో వాళ్ళ అమ్మ కాబోలు, బత్తాయి ఒలుచుకుంటోంది. అతను నా చెవి దగ్గరకు వంగి, "మా అమ్మకి గడ్డని చెప్పామండి. మీరేం చెప్పారు?" అన్నాడు.

"పోయి నిజం చెప్పు. చెప్పి అక్కడే కూర్చో, లేవమాక" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. అతను నా నుంచి జరిగి కూర్చున్నాడు. చెప్పాడో లేదో తెలియదు.

ఆ తర్వాత అక్క మిగిలిన కరెంటంతా పెట్టించుకుంది, ఒక్కరోజు కూడా మానలేదు. ఇప్పటికీ మూడు నెలలకోసారి పరీక్షకు గుంటూరు పోతుంది. ఒక్కతే పోతుంది. మిరప చేలో తలపాగా మళ్ళీ కనపడుతోంది. కానీ ఆ రెండు వారాల వల్ల ఏం పోయింది, ఎంత పోయింది అనేది ఆ గదిలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. నేను బయట ఉన్నాను.

ఆ రోజు తలుపు తెరుచుకుని అక్క బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫైలు చంకలో ఉంది. నేను గబుక్కున లేచాను.

"ఏమన్నారు అక్కా?"

అక్క నా ముఖంలోకి చూసింది. నవ్వలేదు.

"నిమ్మకాయంత. పచ్చడి కూడా రాదు" అని, ముందు గేటు వైపు నడిచింది.